రెండు వారాల నడక

మా ఆడపడుచు దేవకృప పెన్ను పట్టుకుంటే పక్కనున్నవాళ్లు ఊపిరి కూడా మెల్లగా తీయాలి. ఇరవై ఏళ్లుగా లెక్కల టీచరు. ఆస్పత్రి వరండాలో ఇనప కుర్చీలో కూర్చుని, పన్నెండు ప్రశ్నల కాగితాన్ని అట్ట మీద పెట్టుకుని, ఒక్కో ప్రశ్ననీ చివరిదాకా చదివి, మళ్లీ మొదటినుంచి చదివి, అప్పుడు అంకె చుట్టూ గీత గీస్తోంది. నేను చూడనట్టు అటు తిరిగి కూర్చున్నాను. చూస్తూనే ఉన్నాను.

ఒకటి. ఒకటి. మూడు. ఒకటి.

ఒకటి అంటే ఇబ్బందేమీ లేదని. అయిదు అంటే విపరీతమైన ఇబ్బంది అని. గత రెండు వారాల్లో మెట్లు ఎక్కడానికి, దిగడానికి ఎంత ఇబ్బంది పడ్డారన్న ప్రశ్న దగ్గర కూడా ఒకటే. నాకు కూర్చోబుద్ధి కాలేదు. లేచి నీళ్ల దగ్గరికి వెళ్లాను, తాగకుండానే తిరిగొచ్చాను.

కృపకి ఈ జబ్బు బయటపడి ఆరేళ్లు. మల్టిపుల్ స్క్లెరోసిస్. నరాల మీద ఉండే పొరని ఒంట్లోని రక్షణ శక్తే కొరుకుతుందని డాక్టరుగారు మాకు బొమ్మ గీసి చెప్పారు. మొదట కుడికన్ను మసకబారి బాగయింది. తర్వాత ఎడమకాలు మొదలైంది. అది బాగవలేదు. ఏడాదిగా కాలిలో శక్తి ఇంకా తగ్గుతోందని నాకు తెలుసు. ఎలా తెలుసంటే, మార్చిలో కొన్న చెప్పుల జతలో ఎడమదాని ముందుభాగం జూన్‌కే అరిగి పలచబడింది. కుడిది కొన్నప్పటిలాగే ఉంది.

నర్సు కల్పలత కాగితం తీసుకుని వేళ్ల మీద కూడింది.

“ఇరవై ఒకటి మేడం. పోయినసారి సుత గంతే ఉండె. అంతకుముందు ఇరవై. మంచిగనే ఉన్నరు గద!”

“అంతా దేవుని దయ,” అంది కృప.

మా చర్చివాళ్లం ఎవరు ఎలా ఉన్నావని అడిగినా చెప్పే మాటే అది. జ్వరంతో వణుకుతున్నా అదే చెబుతాం.

ఆ తర్వాత వరండాలో నేల మీద అతికించిన రెండు పసుపు పట్టీల మధ్య కృపని నడిపించారు. ఇరవై అయిదు అడుగుల దూరం. స్టాప్‌వాచ్‌లో ఏడు పాయింట్ నాలుగు సెకన్లు. ఏడాది కిందట ఆరు పాయింట్ తొమ్మిది.

డాక్టర్ సత్యదేవ్ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశారు. “ఈ మాత్రం తేడా ఎండకీ వస్తుంది, నిద్ర చాలకపోయినా వస్తుంది. స్కోరు కదల్లేదు. పాత మాత్రలే కంటిన్యూ చేద్దాం.”

“లేదు డాక్టరుగారూ, కాలిలో శక్తి తగ్గుతోంది,” అన్నాను. నేను మధ్యలో మాట్లాడతానని నేనే అనుకోలేదు. “ఆ సెలైన్‌లో ఎక్కించే మందు ఉందన్నారు కదా పోయినేడు. దానికి మార్చండి. ఇంకా పోయాక మార్చి ఏం లాభం?”

“పోయిన శక్తి ఏ మందుతోనూ వెనక్కి రాదు. నిజమే. అందుకే అడుగుతున్నాను, ఏం తగ్గింది మేడం? ఒక్కటి చెప్పండి.”

చెప్పు అరిగిందని చెప్పడానికి నోరు రాలేదు. కృప నవ్వింది. “మా వదిన అంతే సార్. పాలు పొంగకముందే స్టవ్ ఆపేస్తుంది.”

డాక్టరుగారు కూడా నవ్వారు. “ఇరవై అయిదు అడుగులు నేను చూస్తాను మేడం. మిగతా రోజంతా కాలు ఎలా ఉందో ఈ కాగితమే నాకు చెప్పాలి. అది బాగుందంటోంది. మీరింతగా అంటున్నారు కాబట్టి ఆరు నెలలకి కాకుండా ఆరు వారాలకే రండి. స్కోరు పెరిగితే అప్పుడు మాట్లాడదాం.”

ఆటోలో మారేడ్‌పల్లిలోని మా ఇంటికి చేరాం. ఇంట్లోకి వచ్చి, ఆమె చెప్పులు విప్పి చెక్కబల్ల మీద కూర్చున్నాక ఆపుకోలేకపోయాను.

“అబద్ధాలు రాశావు.”

“ఏం రాశాను?”

“మెట్ల దగ్గర ఒకటి వేశావు కృపా! పరుగెత్తడం దగ్గర ఒకటి వేశావు!”

ఆమె ఫోన్ తీసింది. కాగితాన్ని ఫొటో తీసుకుందట. తన పిల్లల జవాబు పత్రంలా దాన్ని పెద్దది చేసి నా ముందు పెట్టింది. “రా, నువ్వే దిద్దు. ఈ రెండు వారాల్లో నేను ఎన్నిసార్లు మెట్లెక్కాను?”

ఆలోచించాను. మా ఫ్లాటు రెండో అంతస్తు, లిఫ్ట్ ఉంది. స్కూల్లో ఆమెకి పదో తరగతి తీసేసి కింది అంతస్తులో ఆరో తరగతి ఇచ్చారు. “ఎక్కలేదు.”

“మరి ఇబ్బందెక్కడ పడ్డాను? నిలబడి పనులు చేయడం. వంటింట్లో స్టూలు వేసిందెవరు? వాష్‌బేసిన్ దగ్గర కుర్చీ వేసిందెవరు? ఎంత దూరం నడవగలరు అని ఉంది. నాకు తెలీదు వదినా. నువ్వు నడవనిస్తే కదా! అడిగిన ప్రశ్నకే జవాబు రాశాను. అడగనిదానికి రాస్తే మార్కులు కోస్తాను నేను.”

నేను హాల్లో నిలబడి చుట్టూ చూశాను. ఏడాదిగా నేను సర్దిన ఇల్లు. కుట్టుమిషను టేపుతో కొలిచి మరీ సర్దాను. కృప మంచం నుంచి బాత్రూముకి వెళ్లే దారిలో ఏడడుగుల లోపు చెయ్యి ఆనించడానికి ఏదో ఒకటి ఉంటుంది. మంచం కోడు, బీరువా, కుట్టుమిషను, సోఫా వీపు, ఫ్రిజ్. గుమ్మం దగ్గర కూర్చుని చెప్పులేసుకోవడానికి చెక్కబల్ల. మంచం పక్కన నీళ్లు, మందులు, ఇస్త్రీ చీరలు. ఆమె లేవాలనుకునేలోపే నేను లేచి తెచ్చిస్తాను. ఇంట్లోనే కాదు. చర్చిలో పాస్టరు అయ్యగారు ప్రభు బల్ల సంస్కారం రొట్టె, ద్రాక్షారసం ఆమె కూర్చున్న బెంచీ దగ్గరికే తెచ్చిస్తారు. అది కూడా నేనే వెళ్లి అడిగి ఏర్పాటు చేయించాను.

ఇబ్బంది అనేది ఆమె కాలికి తగలకుండా ఏరేసింది నేనే. ఏరేసి, కాగితంలో కనబడలేదని డాక్టరుగారి మీద ఎగిరాను.

వంటింట్లోకి వెళ్లి చింతపండు నానేశాను. మళ్లీ బయటికొచ్చాను.

“కృపా, ఒకటడుగుతాను. పరీక్షకి రాని పిల్లకి ఏం వేస్తావు?”

“ఏం వేస్తాను, ఆబ్సెంట్.”

“నూటికి నూరు వేయవు కదా?”

“పిచ్చా నీకు?”

“మరి మెట్ల దగ్గర ఎందుకేశావు? ఎక్కని మెట్లకి ఇబ్బందేమీ లేదని మొత్తం మార్కులు వేసేశావు. నీ కాలు ఆ పరీక్షకి రానేలేదు.”

ఆమె ఫోన్‌లో ఫొటోని మళ్లీ మొదటినుంచి చదివింది. తర్వాత తన నోటుబుక్కులో ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలు వేసి, పక్కన ఒక్కోదానికి రాసుకుంటూ పోయింది. ఆరింటికి ‘ఆ’ అని వేసింది. మిగతా ఆరూ కూడితే పదిహేను వచ్చింది.

“ఆబ్సెంట్లని కూడలేం,” అంది చివరికి. చూపు ఎత్తకుండా, “ఆ మందు రోగాల్ని ఆపే శక్తిని తగ్గిస్తుందట. ఎక్కించుకుంటే పిల్లలు తుమ్మినా నేను భయపడాలి వదినా. ఆరో తరగతిలో యాభై ముగ్గురున్నారు,” అంది.

అప్పుడు నాకు అర్థమైంది, ఆ ఒకట్ల వెనక లెక్క ఒక్కటే లేదని.

“భయపడితే భయమని డాక్టరుగారికి చెప్పు. కాలు బాగుందని మాత్రం చెప్పకు.”

“అయితే పరీక్ష పెట్టు,” అంది. “కాగితం అడిగేది రెండు వారాలే. వెళ్లే ముందు రెండు వారాలు అన్నీ తీసేయ్. నేను రాస్తాను. కానీ నువ్వు ఇన్విజిలేటర్‌వి మాత్రమే. చెయ్యి అందిస్తే ఆ రోజుని లెక్కలోంచి కొట్టేస్తాను.”

జులై ఆఖరి మంగళవారం స్టూలు, కుర్చీ, గుమ్మం దగ్గరి చెక్కబల్ల బాల్కనీలో పెట్టాను. కుట్టుమిషనుని మా గదిలోకి, సోఫాని గోడవారకి జరిపాను. ఫ్రిజ్ కదల్లేదు. దాని ముందు బియ్యం డబ్బా పెట్టాను, చెయ్యి అందకుండా. ఇస్త్రీ చీరలు తిరిగి లోపలి గది బీరువాలోకి వెళ్లాయి. సాయంత్రం మా ఆయన ఆర్థర్ రైల్వే ఆఫీసు నుంచి వచ్చి, చీకట్లో అలవాటు చొప్పున కూర్చోబోయి, బల్ల లేని చోట కూలబడబోయారు.

“ఏంటిది మేబెల్? ఇల్లు ఖాళీ చేస్తున్నామా?”

చెప్పాను. ఆయన మొహం ఎర్రబడింది. “నీకేమైనా మతిపోయిందా? నా చెల్లెలు పడి తుంటి విరగ్గొట్టుకుంటే ఏ కాగితంలో రాస్తావు?”

“అన్నయ్యా, ఇది నా పరీక్ష. నువ్వు హాల్లో మాట్లాడకూడదు,” అంది కృప తన గదిలోంచి.

“మీరిద్దరూ టీచర్లయిపోయారు, నేను ప్యూన్నయ్యాను,” అని గొణుక్కుంటూ ఆయన టీ తనే పెట్టుకున్నారు. మర్నాటి నుంచి ఆఫీసులోంచి రోజుకి రెండుసార్లు ఫోన్ చేసేవారు. “పడిందా?” అని అడిగేవారు, హలో అనకుండా.

మర్నాడు పొద్దున కృప లిఫ్ట్ ముందు నుంచి నడిచి మెట్ల దగ్గరికి వెళ్లింది. కింద వాచ్‌మన్ జంగయ్య తల పైకెత్తి చూశాడు.

“ఏందమ్మా, లిఫ్ట్ నడుస్తనే ఉంది గద? మెట్లెందుకు పరేషాన్?”

“ప్రాక్టీసు జంగయ్యా.”

“దేనికి, తిరుమల కొండెక్కుతరా? మీరు చర్చివాళ్లు గద!”

కృప నవ్వి, నవ్వుతూనే ఆగిపోయింది. ఎడమపాదం మెట్టు అంచుకి తగిలి కిందికి జారింది. రెయిలింగు పట్టుకుంది. నేను మూడు మెట్లు వెనక ఉన్నాను, చేతులు పైట కింద ముడుచుకుని. ఒక చేతిని ఇంకో చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. జంగయ్య నన్నూ ఆమెనూ మార్చి మార్చి చూసి, “వదిన జెర పట్టుకోరాదా అమ్మా?” అన్నాడు. వాళ్ల ఊళ్లో ఎలా అనుకుంటారో అలాగే అనుకున్నాడు, నేను ఆడపడుచు మీద కక్ష తీర్చుకుంటున్నానని. ఆ రెండు వారాలూ నాకు నమస్తే పెట్టలేదు.

ఆమె స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌ని అడిగి పదో తరగతి క్లాసు తీసుకుంది, మొదటి అంతస్తులో. ఇంటికొచ్చాక నోటుబుక్కులో రాసేది. నేను చదవలేదు. చదవకూడదని షరతు. కానీ రాసేటప్పుడు పెన్ను ఎంతసేపు కదులుతుందో చూసేదాన్ని. మొదటి రెండు రోజులూ ఒక్కో వరస. మూడోరోజు అరపేజీ.

నాకు ఆ రోజుల్లో ఏ పనీ కుదురుగా సాగలేదు. పప్పులో ఉప్పు వేశానో లేదో తెలియదు. ఆమె గదిలో మంచం కిర్రుమంటే నా కాళ్లు లేచేవి, నేను వాటిని కూర్చోబెట్టేదాన్ని. ఒకరి చేతి కింద గ్లాసు పెట్టకుండా ఉండటం ఇంత కష్టమని నాకు తెలియదు. పనిచేసి అలసిన రోజులున్నాయి గానీ, పని చేయకుండా ఇంతగా అలసిన రోజులు లేవు.

అయిదోరోజు శనివారం స్కూలుకి సెలవు. పదకొండు దాటింది. నేను కందులు వేయిస్తున్నాను. కృప గదిలోంచి బయటికొచ్చి బాత్రూము వైపు బయల్దేరింది. మామూలుగా కుట్టుమిషను, సోఫా, ఫ్రిజ్ ఆనుకుంటూ పదిహేను అడుగులు వెళ్లేది. ఇప్పుడు మధ్యలో ఏమీ లేదు. నాలుగడుగులు వేసి ఆగింది. ఎడమకాలు ముందుకి రాలేదు. దాన్ని తుంటితో ఈడ్చింది. మళ్లీ ఆగింది. నేను గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. ఆమె చూపు బాత్రూము తలుపు మీదే ఉంది. ఇంకా ఆరడుగులు.

అక్కడే ఆగిపోయింది. నైటీ తడిసి, నీళ్లు పాదాల కిందుగా గచ్చు మీద పరుచుకున్నాయి.

వెనక కందులు మాడుతున్న వాసన వచ్చింది. ఆమె మెల్లగా నడుచుకుంటూ బాత్రూములోకి వెళ్లి తలుపేసుకుంది. నేను స్టవ్ ఆపి, గచ్చు తుడిచి, ఫినాయిల్ వేసి మళ్లీ తుడిచాను. తుడిచినచోటే మూడోసారి తుడిచాను. తర్వాత మా గదిలోకి వెళ్లి కుట్టుమిషనుని బయటికి లాగడం మొదలుపెట్టాను.

చక్రాల చప్పుడుకి ఆమె బయటికొచ్చింది. జుట్టు తడిగా ఉంది.

“అక్కడే పెట్టు.”

“చాలు కృపా. చాలింక. నేనే డాక్టరుగారి కాళ్లు పట్టుకుంటాను.”

“ఆయన కాళ్లు పట్టుకుంటే నా కాళ్లకేమొస్తుంది?” అంది. “ఇంకా తొమ్మిది రోజులున్నాయి. లోపల పెట్టు వదినా.”

పెట్టాను. ఆమె తన నోటుబుక్కు తెచ్చి భోజనాల బల్ల దగ్గర కూర్చుని, టైము చూసి రాసుకుంది. రాసి, పెన్ను మూసి, “ఆ కాగితంలో దీనికి ప్రశ్న లేదు, చూశావా,” అంది. మాడిన కందులు ఏరి పారేస్తూ నేను తలూపాను.

మర్నాడు ఆగస్టు మొదటి ఆదివారం. సంస్కారం ఉండే రోజు. నేను ముందే వెళ్లి అయ్యగారికి చెప్పాను, ఇవాళ కృప దగ్గరికి రావద్దని, తనే ముందుకొస్తుందని. ఆయన సంతోషించారు. స్వస్థత కలిగిందనుకున్నారు. కాదని చెప్పడానికి టైము లేకపోయింది.

వరసలో మేం మధ్యన ఉన్నాం. మా ముందు నడిచేవాళ్లకీ మాకూ మధ్య ఖాళీ పెరుగుతూ వచ్చింది. మా వెనకాల జనం ఆగి ఆగి అడుగేస్తున్నారు. పాట రెండో చరణంలో ఉండగా ఆమె ముందు గట్టు దగ్గరికి చేరి, కమ్మీ పట్టుకుని మోకరించింది. రొట్టె తీసుకుంది, కప్పు అందుకుంది. పక్కవాళ్లంతా లేచారు. నేను లేచాను. ఆమె లేవలేదు.

కుడికాలు మడిచి బలం చేసింది. సగం లేచి మళ్లీ మోకాళ్ల మీద పడింది. అయ్యగారు గిన్నె పట్టుకుని ఆగిపోయారు. రెండు వైపుల నుంచీ చేతులొచ్చాయి. “వద్దు,” అంది కృప, మెల్లగానే, కానీ ముందు బెంచీలదాకా వినిపించింది. చేతులు ఆగి, చూపులు నా వైపు తిరిగాయి, నువ్వేం మనిషివన్నట్టు. పాట అయిపోయింది. వాయించేవాళ్లు మళ్లీ మొదటి చరణం ఎత్తుకున్నారు. అది పూర్తయ్యేసరికి ఆమె లేచి నిలబడింది. చెమటతో జాకెట్టు వీపుకి అతుక్కుపోయింది.

బయట చెప్పుల దగ్గర హదస్సమ్మగారు పట్టుకున్నారు. చర్చి ఆడవాళ్ల సంఘం స్త్రీల మైత్రికి పెద్ద ఆవిడ. “ఏమ్మా కృపా, ఇన్నాళ్లూ కూర్చున్నచోటికే వచ్చేది కదా. ఇవాళ ఏమొచ్చింది? అందర్నీ అలా నిలబెట్టావు!”

“నాకెంతసేపు పడుతుందో నాకూ తెలీదు ఆంటీ. ఇవాళ తెలిసింది.”

“ఎలా ఉంది మరి కాలు?”

కృప నోరు తెరిచింది. ఎప్పుడూ చెప్పే మాట చెబుతుందని నేను ఎదురుచూశాను. “బాలేదు ఆంటీ,” అంది. “ఏడాదిగా బాలేదు.” హదస్సమ్మగారు ఆమె తల మీద చెయ్యి పెట్టి అక్కడే ప్రార్థన మొదలుపెట్టారు. మేం చెప్పులు లేకుండా ఆ వేడి గచ్చు మీద పది నిమిషాలు నిలబడ్డాం.

రెండు వారాలు అయ్యాక మంగళవారం ఆస్పత్రి. అదే వరండా, అదే ఇనప కుర్చీ. ఈసారి నేను దూరంగా వెళ్లి కూర్చున్నాను. కల్పలత కూడింది, మళ్లీ కూడింది. మా వైపు వచ్చి గొంతు తగ్గించి అడిగింది.

“మేడం, నలభై నాలుగు వస్తుంది. తప్పు గిట్ల చుట్టిండ్రా? చూస్కుంటరా ఒకసారి?”

“చూసుకునే రాశాను,” అంది కృప.

పసుపు పట్టీల మధ్య నడక ఏడు పాయింట్ ఆరు.

డాక్టర్ సత్యదేవ్ కాగితాన్ని పాతదాని పక్కన పెట్టి చూశారు. “మధ్యలో ఒక్కసారిగా ఏమైనా పెరిగిందా? చూపు, తిమ్మిరి, జ్వరం?”

“లేదు సార్.”

“నడక రెండు పాయింట్లే మారింది. స్కోరు రెండింతలు దాటింది, ఆరు వారాల్లో.” ఆయన కాగితం కింద పెట్టి నా వైపు తిరిగారు. “మేడం, పోయినసారి మందు మార్చమని మీరు గట్టిగా అడిగారు. స్కోరు పెరిగితే చూద్దామని నేనే చెప్పాను. ఇప్పుడు పెరిగింది. ఏమనుకోకండి. మీరు చెప్పి రాయించలేదు కదా?”

చెవులు వేడెక్కాయి. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే అడుగుతాను. అది తెలిసి ఇంకా మండింది.

“ఇంటివాళ్లు భయంతో ఎక్కువ రాయించడం నేను చూశాను,” అన్నారాయన. “ఈ మందు మంచినీళ్లు కాదు. ఇన్ఫెక్షన్లని ఆపే శక్తి తగ్గుతుంది. ఒక అంకె చూసి ఎక్కించలేను.”

“రాయించలేదు డాక్టరుగారూ,” అన్నాను. “ఏడాదిపాటు చెరిపించాను.”

చెప్పాను. ఏడడుగుల లెక్క, కుర్చీ, స్టూలు, బెంచీ దగ్గరికొచ్చే రొట్టె, కింది అంతస్తు క్లాసు, అన్నీ. ఆమె నడవాల్సిన నడకంతా నేను నడిచేశానని, అందుకే పాత కాగితాలు కాలు బాగుందన్నాయని. కృప నోటుబుక్కు తెరిచి బల్ల మీద పెట్టింది. ఆయన పేజీలు తిప్పారు. శనివారం పేజీ దగ్గర కాసేపు ఆగారు.

“నమ్మాలనే ఉంది,” అన్నారు. “కానీ ఇది కూడా మీ ఇంట్లో రాసిందే కదమ్మా. నేను ఏదీ చూడలేదు.”

నాకు అక్కడినుంచి లేచిపోవాలనిపించింది. ఇంకో ఆరు నెలలు, అవే మాత్రలు.

కృప నోటుబుక్కు మూసింది. “సార్, మీ ఆస్పత్రిలో మెట్లెక్కడున్నాయి?”

ఆయన కుర్చీ వెనక్కి జరిపి లేచారు.

మెట్లు లిఫ్ట్ వెనక ఉన్నాయి, ఎవరూ వాడనివి. పద్దెనిమిది మెట్లు, రెయిలింగు కుడివైపు మాత్రమే. డాక్టరుగారు ఆమె వెనక ఒక మెట్టు కింద నిలబడ్డారు. కల్పలత కాగితాల అట్ట పట్టుకుని నా పక్కన నిలబడింది. “మీరు ఈడనే ఉండుండ్రి ఆంటీ,” అని నా మోచెయ్యి పట్టుకుంది. నేను కదులుతున్నానని నాకు తెలియనే లేదు.

మొదటి నాలుగు మెట్లూ బాగానే ఎక్కింది. అయిదో దగ్గర ఎడమపాదం మెట్టు అంచుకి కొట్టుకుంది. చేత్తో తొడ దగ్గర చీర పట్టుకుని కాలుని పైకి లాగింది. ఆరు. ఏడు దగ్గర ఆగి ఊపిరి తీసుకుంది. ఎనిమిదో మెట్టు మీద మోకాలు వణకడం కింద నుంచి నాకు కనబడింది. డాక్టరుగారి రెండు చేతులూ లేచి, ఆమెని తాకకుండా గాల్లో ఆగాయి. తొమ్మిదో మెట్టు ఎక్కి ఆమె రెయిలింగుకి ఆనుకుంది.

“చాలమ్మా,” అన్నారాయన.

“సార్, మెట్ల ప్రశ్నకి నాలుగు వేశాను.” ఆయాసంతో మాట ముక్కలుగా వచ్చింది. “తప్పు. అయిదు వెయ్యాలి. ఆ కాగితం ఇలా ఇప్పించండి, దిద్దుతాను.”

“దిగాక దిద్దండి.”

“పరీక్ష హాల్లోంచి బయటికొచ్చాక దిద్దకూడదు సార్.”

డాక్టరుగారు నవ్వలేదు. చెయ్యి చాచారు. కల్పలత నా మోచెయ్యి వదిలి గబగబా ఎక్కి అట్ట ఇచ్చింది. కృప గోడకి కాగితం ఆనించి, నాలుగుని అడ్డంగా కొట్టేసి, పక్కన అయిదు చుట్టూ గీసి, కింద సంతకం, తేదీ వేసింది. ఆయన దాన్ని అందుకుని చూసి, కల్పలతకిచ్చారు.

“ఇన్ఫ్యూజన్‌కి ముందు చేయించే బ్లడ్ టెస్టులన్నీ రాయి. ముందు వేయాల్సిన టీకాలు కూడా. నెలాఖరుకి అడ్మిషన్ పెట్టు.” తర్వాత కృపతో, “ఇది వేసినా ఈ నలభై అయిదు తగ్గకపోవచ్చు. పెరగకుండా ఆపడానికే ఇస్తున్నాను. తెలుసు కదా?”

“తెలుసు సార్. క్లాసులో మాస్కు వేసుకోవచ్చా?”

“వేసుకోండి.”

ఆమె తల ఊపి వెనక్కి తిరిగింది. ఇప్పుడు రెయిలింగు ఎడమవైపుకి వచ్చింది. తొమ్మిది మెట్ల కిందున్న నన్ను చూసింది. నా కుడిచెయ్యి అప్పటికే ముందుకొచ్చి ఉంది.

“వదినా, అక్కణ్నుంచి పక్కకి జరుగు. నువ్వు ఎదురుగా ఉంటే నేను నీ చెయ్యి ఉందన్న ధైర్యంతో దిగేస్తాను.”

గోడవారకి జరిగాను. ఆమె కిందికి చూసుకుంటూ ఎడమకాలు ముందుగా దింపింది.